రాత్రి డెలివరీ, పొద్దున గ్రీకు క్లాసు: సెమినరీ విద్యార్థుల ప్రశ్నలకి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం, సెమినరీలో, అంటే పాస్టర్లని తయారుచేసే కాలేజీలో, చదువుకుంటూ పని చేసుకోవచ్చా, చేస్తే రెండూ ఎలా నడుస్తాయి అని. పేర్లు వెయ్యొద్దని అందరూ అడిగారు కాబట్టి వెయ్యట్లేదు. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది, ఎందుకంటే ఆ తమ్ముడు రాసిన కష్టమే ఇంకా చాలామంది మోస్తున్నారు.

ప్రశ్న: వందనాలు అయ్యగారు. నేను హైదరాబాద్‌లో బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) రెండో సంవత్సరం చదువుతున్నా. మాది ప్రకాశం జిల్లాలో చిన్న ఊరు, నాన్న కౌలుకి చేస్తాడు, మాది ఇండిపెండెంట్ చర్చి కాబట్టి స్పాన్సర్‌షిప్ లాంటిదేం లేదు. ఇంకో బ్రదర్‌తో కలిసి బయట రూమ్‌లో ఉంటున్నా. రూమ్ అద్దె, ఫీజులు, ఇంటికి కాస్త పంపడం, వీటికోసం వారానికి ఐదు రాత్రులు ఏడు నుంచి పన్నెండు దాకా ఫుడ్ డెలివరీ చేస్తున్నా, నెలకి 11 వేలు వస్తాయి. పొద్దున 8:30కి గ్రీకు క్లాసులో కళ్ళు మూతలు పడుతున్నాయి, హీబ్రూ పేపరు పోయింది. శని ఆదివారాలు ఫీల్డ్ వర్క్ చర్చి ఉంటుంది. పని సంగతి కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. మా ఊరి సంఘంలో ఒక పెద్దాయన "సేవకి పిలుపున్నోడు దేవుడి మీద ఆధారపడాలి గానీ బండేసుకుని తిరగడం ఏంటి" అన్నారు, ఆ మాట నుంచి ప్రార్థన కూడా సరిగ్గా చేసుకోలేకపోతున్నా. పని మానాలా, చదువు మానాలా?

జవాబు: తమ్ముడూ, రెండూ మానక్కర్లేదు, కానీ ఆ పని మాత్రం మార్చాలి, ఎందుకో చెప్తాను. ముందు ఆ పెద్దాయన మాట సంగతి చూద్దాం, ఎందుకంటే నిన్ను నిద్ర కంటే ఎక్కువ అదే తినేస్తోందని ఉత్తరం చదివితే తెలిసిపోతోంది.

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం తీసి మళ్ళీ చదువు. పౌలు కొరింథుకి వెళ్ళి అకుల ప్రిస్కిల్ల ఇంట్లో దిగాడు, వాళ్ళదీ ఆయనదీ డేరాలు కుట్టే వృత్తే కాబట్టి వాళ్ళతో కలిసి పని చేశాడు, ఇది 3వ వచనం. విశ్రాంతి దినాన సమాజమందిరంలో తర్కించాడు, ఇది 4వ వచనం. 5వ వచనానికి వచ్చేసరికి సీల, తిమోతి మాసిదోనియ నుంచి వచ్చారు, అప్పటినుంచి ఆయన పూర్తిగా వాక్యం మీదే ఉన్నాడు. ఈ మార్పు ఎందుకొచ్చిందో 2 కొరింథీయులు 11:9 చూస్తే అర్థమవుతుంది, మాసిదోనియ నుంచి వచ్చిన సహోదరులు ఆయన అక్కర తీర్చారని ఆయనే రాశాడు. అంటే సాయం లేనప్పుడు సూది పట్టుకున్నాడు, సాయం వచ్చాక పక్కన పెట్టాడు, ఈ రెండు సమయాల్లోనూ ఆయన విశ్వాసం ఏమీ తగ్గలేదు. మిలేతులో ఎఫెసు పెద్దలకి వీడ్కోలు చెప్పేటప్పుడు ఈ చేతులే నాకూ నాతో ఉన్నవాళ్ళకీ అక్కర తీర్చాయని గట్టిగానే చెప్పుకున్నాడు, దాచుకోలేదు. సువార్త ప్రకటించేవాళ్ళు సువార్త వల్ల బతకొచ్చని 1 కొరింథీయులు 9లో రాసినవాడూ ఆయనే, కాబట్టి కానుకల మీద ఉండేవాళ్ళదీ తప్పు కాదు, నీదీ తప్పు కాదు.

మీది ప్రకాశం జిల్లా కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలనిపిస్తోంది. 1876 నుంచి 78 దాకా వచ్చిన పెద్ద కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి కూలి దొరికేలా చేశారు. ఆయన దగ్గర ఉన్న బోధకులే అక్కడ మేస్త్రీలుగా నిలబడి పని చేయించారు, కూలీలు కాసేపు అలుపు తీర్చుకునేటప్పుడు వాళ్ళ పక్కన కూర్చుని యేసు ప్రభువు గురించి చెప్పారు. ఆ తర్వాత 1878 జులైలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మీ వైపు ఎన్నో కుటుంబాల విశ్వాసం అక్కడి నుంచే మొదలైంది, మన బోధకులు ఆ రోజు మట్టిపని దగ్గర నిలబడటానికి సిగ్గుపడి ఉంటే ఆ జనం దగ్గరికి వెళ్ళేవాళ్ళెవరు? ఆ పెద్దాయనతో వాదం పెట్టుకోవద్దు, ఈసారి ఊరెళ్ళినప్పుడు ఆయన ఇంటికే వెళ్ళి నీ నెల ఖర్చు కాగితం మీద రాసి చూపించి ప్రార్థన చెయ్యమని అడుగు. అలా కాగితం చూశాక మాట మార్చుకుని పరీక్ష ఫీజు కట్టడానికి ముందుకొచ్చిన పెద్దల్ని నేను చూశాను.

ఇప్పుడు లెక్క. నువ్వు 11 వేలు వస్తాయన్నావు, కానీ పెట్రోలుకి ఎంత పోతోందో రాయలేదు. రోజుకి ఐదు గంటలు సిటీలో తిరిగితే నెలకి తక్కువలో తక్కువ మూడు వేలు పెట్రోలే అవుతుంది, బండి సర్వీసు, ఆయిల్, టైరు అరుగుదల, ఫోన్ డేటా కలిపి ఇంకో వెయ్యి వేసుకో. అంటే చేతిలో మిగిలేది ఏడు వేలు. వారానికి 25 గంటలంటే నెలకి వంద పైనే, కాబట్టి గంటకి 70 రూపాయలు కూడా పడట్లేదు. అదే సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు దాకా నలుగురు పిల్లలకి హోమ్ ట్యూషన్ చెప్పావనుకో, ఒక్కొక్కరికి 1,500 చొప్పున ఆరు వేలు వస్తాయి, వారానికి ఏడున్నర గంటలే. వెయ్యి రూపాయలు తగ్గుతాయి, కానీ వారానికి 17 గంటలకి పైగా నీకు తిరిగొస్తాయి, రాత్రి పదిన్నరకి పడుకోవచ్చు, వానలో తడిసి రోడ్డు మీద పడతానేమో అన్న భయం ఉండదు. నువ్వు డిగ్రీ చదివి వచ్చావో ఇంటర్ తర్వాత వచ్చావో రాయలేదు గానీ ఎనిమిదో తరగతి దాకా లెక్కలు, ఇంగ్లీషు చెప్పడానికి ఏదైనా సరిపోతుంది. సిటీలో చర్చి కుటుంబాల్లోనే మంచి ట్యూషన్ టీచర్ కోసం వెతికే తల్లిదండ్రులు బోలెడంతమంది ఉంటారు, ఫీల్డ్ వర్క్ చర్చి పాస్టర్ గారితో ఒక మాట చెప్పి ఉంచు.

ట్యూషన్ కుదరకపోతే తెలుగు డి.టి.పి. చూడు. చర్చి క్యాలెండర్లు, పాటల పుస్తకాలు, పెళ్ళి కార్డులు, కన్వెన్షన్ కరపత్రాలు, వీటికి అను ఫాంట్స్‌లోనూ యూనికోడ్‌లోనూ తప్పుల్లేకుండా కొట్టేవాళ్ళు కావాలి, పేజీకింత అని ఇస్తారు, నీకు కుదిరిన టైములో చేసుకోవచ్చు. కీబోర్డ్ వస్తే పిల్లలకి నేర్పొచ్చు. కాలేజీ లైబ్రరీలో, ఆఫీసులో కొన్ని గంటల పని ఇచ్చి ఫీజులో తగ్గించే పద్ధతి చాలా సెమినరీల్లో ఉంటుంది, అడిగినవాళ్ళకే దొరుకుతుంది.

అసలు పని ఎంచుకునేటప్పుడు ఎంతొస్తుంది, ఎన్ని గంటలు అని చూస్తాం గానీ ఆ పని అయ్యాక నువ్వు ఏ స్థితిలో ఇంటికొస్తావు అన్నది ఎవ్వరూ చూడరు. నా దృష్టిలో మొదట చూడాల్సింది అదే. ఒళ్ళు అలిసినా తల చురుగ్గా ఉండే పనులుంటాయి, తల కూడా మొద్దుబారిపోయే పనులుంటాయి, రాత్రి ట్రాఫిక్‌లో ఫోన్ చూస్తూ టైముకి అందించాలని పరిగెత్తే పని రెండో రకం. చరిత్ర లాంటి సబ్జెక్టయితే అలాంటి రాత్రుల తర్వాత కూడా పరీక్ష ముందు నాలుగు రోజులు గట్టిగా కూర్చుని గట్టెక్కొచ్చు. భాషల దగ్గర అది కుదరదు. గ్రీకు నారుమడి లాంటిది, రోజూ కాస్త తడి తగలాలి, పది రోజులు ఎండగట్టి ఒక్క రాత్రి నీళ్ళు ముంచెత్తితే నారు కుళ్ళిపోద్ది, ఇది నీకు నేను చెప్పాలా. హీబ్రూ ఇంకా కష్టం, 22 అక్షరాలు కుడి నుంచి ఎడమకి, కింద చుక్కలు, ఒకే క్రియ కాల్, పియేల్, హిఫిల్ అంటూ ఏడు రూపాల్లో తిరుగుతుంది, ఇది నిద్రలేని తలకి ఎక్కదు. హీబ్రూ పేపరు పోయిందంటే నీకు తెలివి లేక కాదు, అది ఎక్కాల్సిన గంట నీ దగ్గర లేకపోవడం వల్ల.

అందుకని ఇలా చెయ్యి. పొద్దున ఐదున్నరకి లేచి ప్రార్థన అయ్యాక ఇరవై నిమిషాలు గ్రీకు, ఇరవై నిమిషాలు హీబ్రూ, ఫోన్ పక్కన పడేసి, పాత పెళ్ళికార్డులు ముక్కలు కోసుకుని ఒక వైపు పదం ఇంకో వైపు తెలుగు అర్థం రాసుకుని తిప్పుకుంటూ చదువు. రాత్రి పడుకునే ముందు మళ్ళీ అవే ముక్కలు పది నిమిషాలు. రూమ్‌మేట్ కూడా అదే క్లాసైతే ఒకరికొకరు అప్పజెప్పుకోండి. పోయిన పేపరు సప్లిమెంటరీ తేదీ కనుక్కుని ఆ నెల రోజులు ట్యూషన్ తప్ప ఇంకేం పెట్టుకోకు. మిగతా సబ్జెక్టుల అసైన్‌మెంట్లు సెమిస్టర్ మొదట్లోనే ఇస్తారు కదా, టాపిక్ ఇచ్చిన వారంలోనే లైబ్రరీకి వెళ్ళి పుస్తకాలు తీసుకుని పెట్టుకో, ఆఖరి వారం అవి దొరకవు, దొరక్క ఇంకొకళ్ళది చూసి రాసేదాకా పోతుంది.

శని ఆదివారాల గురించి. ఫీల్డ్ వర్క్‌ని చాలామంది పనిగా లెక్కెయ్యరు, నీ లెక్కలో కూడా అది లేదు. శనివారం మధ్యాహ్నం యూత్ మీటింగ్, ఆదివారం పొద్దున సండే స్కూల్, ఆరాధన, తర్వాత ఇళ్ళ దర్శనాలు, రూముకొచ్చేసరికి సాయంత్రం అయిపోతుంది, అంటే నీకు వారంలో ఒక్క పూట కూడా ఖాళీ లేదు. విశ్రాంతి దినం ఆజ్ఞ సేవకులకి కూడా ఇచ్చిందే. సోమవారం సాయంత్రమో శనివారం పొద్దునో ఒక పూట ఖాళీ పెట్టుకో, ఆ పూట ట్యూషన్ వద్దు, పుస్తకం వద్దు, బట్టలు ఉతుక్కో, అమ్మతో ఫోన్లో తీరిగ్గా మాట్లాడు, నిద్రపో.

కాలేజీకి చెప్పలేదన్నావు. ఈ వారమే చెప్పు. ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళడానికి భయమైతే ముందు నీకు దగ్గరగా అనిపించే లెక్చరర్ గారికి చెప్పి ఆయన్ని తోడు తీసుకెళ్ళు. దాచి చేస్తే గ్రీకు క్లాసులో నిద్రపోయేవాడు బద్ధకస్తుడిలా కనపడతాడు, చెప్పి చేస్తే అదే మాస్టారు క్లాసయ్యాక పది నిమిషాలు ఎక్స్‌ట్రా కూర్చోబెట్టి చెప్తారు. పైగా కాలేజీలో అవసరం ఉన్న విద్యార్థుల కోసం కొంత డబ్బు ఎక్కడో ఒకచోట ఉంటుంది, పూర్వ విద్యార్థులు ఇచ్చిందో విదేశీ సంఘాలు పంపిందో, నీ అవసరం వాళ్ళకి తెలిస్తేనే కదా నీ పేరు రాసేది. డయోసిస్ (బిషప్ గారి కింద ఉండే సంఘాల పరిధి) పంపించిన అభ్యర్థులు ఎవరైనా ఇది చదువుతుంటే మీకింకో మాట, మీ స్పాన్సర్‌షిప్ లెటర్‌లో బయట పని చెయ్యకూడదనే షరతు ఉందేమో చూసుకుని డయోసిస్ ఆఫీసులో అడిగాకే పని మొదలుపెట్టండి.

ఇంకొక్కటి, దీన్ని గట్టిగా చెప్తున్నా. నెలాఖర్లో డబ్బు సరిపోకపోతే లోన్ యాప్ జోలికి మాత్రం వెళ్ళొద్దు. మూడు వేలు తీసుకుని వడ్డీల మీద వడ్డీలు కట్టలేక, వాళ్ళు ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ, పాస్టర్ గారికి కూడా, ఫోన్లు చేసి పరువు తీస్తే చదువు మధ్యలో వదిలేసి వెళ్ళిపోయిన పిల్లలున్నారు. అలాంటి రోజు వస్తే మాస్టారిని అడుగు, రూమ్ అద్దెకి పది రోజులు ఆగమని అడుగు. ఆఖరి సంవత్సరం థీసిస్ రాసేటప్పుడు పని బాగా తగ్గించాల్సి వస్తుంది కాబట్టి దానికోసం ఈ ఏప్రిల్, మే సెలవుల్లోనే ఎక్కువ గంటలు పని చేసి కొంత పక్కన పెట్టుకో. డెలివరీ చెయ్యాలనిపిస్తే సెలవుల్లో చెయ్యి, పగటిపూట, హెల్మెట్ పెట్టుకుని, బండి ఇన్సూరెన్స్ తేదీ చూసుకుని.

ప్రశ్న: అయ్యగారూ, నేను సికింద్రాబాద్‌లో ఒక హాస్పిటల్‌లో స్టాఫ్ నర్సుని, మావారు బి.డి. మూడో సంవత్సరం. నా జీతం మీదే ఇల్లు నడుస్తుంది, నాలుగేళ్ళ పాప ఉంది. చర్చిలో ఆడవాళ్ళు "భార్య సంపాదన మీద చదువుతున్నాడు" అంటున్నారు, అది విని మావారు బాధపడి ఏదో ఒక పార్ట్ టైమ్ చూసుకుంటానంటున్నారు. నైట్ డ్యూటీ నుంచి వచ్చి నేనే వంట చేసి పాపని రెడీ చేస్తున్నా, ఆయనకి అసైన్‌మెంట్లు ఉంటాయి కదా అని అడగట్లేదు. నాకు ఓపిక అయిపోతోంది.

జవాబు: అమ్మా, లూకా సువార్త 8వ అధ్యాయం మొదట్లో యోహన్న, సూసన్న, ఇంకా చాలామంది స్త్రీలు తమ ఆస్తితో యేసుకీ శిష్యులకీ ఉపచారం చేశారని ఉంది. ప్రభువే స్త్రీల సంపాదన మీద పరిచర్య చేశాడు, మీ ఇంట్లో జరిగేదానికి తలదించుకోవాల్సింది ఏముంది? ఎవరైనా మళ్ళీ అంటే మీవారే నవ్వుతూ "అవునండీ, మా ఆవిడ నన్ను చదివిస్తోంది" అని చెప్తే చాలు, ఇంకెవరూ అనరు.

మీవారికి ఇప్పుడు బయట పార్ట్ టైమ్ అక్కర్లేదు. ఆయన చెయ్యాల్సిన పార్ట్ టైమ్ మీ ఇంట్లోనే ఉంది. మీరు నైట్ డ్యూటీ చేసొచ్చిన రోజు పాపకి స్నానం, టిఫిన్, స్కూల్‌కి దింపడం పూర్తిగా ఆయనవి, మీరు వచ్చేసరికి అన్నం వండి ఉండాలి. వారానికి పది పన్నెండు గంటలు దానికి పోతాయి, బయట ఉద్యోగం చేసినా అంతే పోయేవి కదా. మీ డ్యూటీ చార్టు వచ్చిన రోజే ఇద్దరూ కూర్చుని ఆయన పరీక్షల తేదీలు, మీ నైట్లు ఒకే క్యాలెండర్ మీద రాసుకోండి, పరీక్షల వారంలో మీకు నైట్ పడితే ముందే ఎవరితోనైనా మార్చుకోవచ్చు, లేదా మీ అమ్మగారిని ఆ వారం పిలిపించుకోవచ్చు. అడక్కుండా మోస్తే ఆయనకి తెలీదమ్మా, అడగండి. రేపు ఆయన పాస్టర్ అయ్యాక సంఘంలో ఆడవాళ్ళ అలసట ఆయనకి అర్థం కావాలంటే అది ఇప్పుడు మీ వంటింట్లోనే నేర్చుకోవాలి. ఈ ఉత్తరం ఆయనకి చూపించండి, నేను చెప్పానని చెప్పండి.

ప్రశ్న: బి.టి.హెచ్. (బ్యాచిలర్ ఆఫ్ థియాలజీ) చదువుతున్నాను. ఇంగ్లీషు బాగా వచ్చు, మీటింగుల్లో తర్జుమా చెయ్యమని పిలుస్తున్నారు, కవర్‌లో డబ్బులు ఇస్తారు. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకో బాబూ, తర్జుమా అంటే నోటికొచ్చింది చెప్పడం కాదు, రెండు గంటలు నిలబడి ఇంకొకాయన ఆలోచన వెంట పరిగెత్తడం, దానికి కూలి ఇస్తే తప్పేం లేదు. కానీ ముందే ఇంత కావాలని బేరం పెట్టుకోకు, చిన్న సంఘం ఏమీ ఇవ్వలేకపోయినా వెళ్ళు. కన్వెన్షన్లు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వరసగా ఉంటాయి, మూడేసి రాత్రుల మీటింగులు, అందులో కొన్ని వేరే జిల్లాల్లో, ఒప్పుకుంటూ పోతే క్లాసులన్నీ బస్సుల్లోనే అయిపోతాయి. నెలకి ఒకటి, అదీ వారాంతంలో అయితేనే అని పెట్టుకో. వాళ్ళు చేసే ప్రసంగాల్లో నువ్వు తర్జుమా చెయ్యాల్సిన వచనాలు ముందురోజు అడిగి తీసుకుని గ్రీకులో చూసుకుని వెళ్తే ఆ పనే చదువు అవుతుంది.

ప్రశ్న: అంకుల్, నేను అమెరికాలో ఒక సెమినరీలో ఎం.డివ్. (మాస్టర్ ఆఫ్ డివినిటీ) మొదటి సంవత్సరం, ఎఫ్-1 స్టూడెంట్ వీసా. నా భార్య ఎఫ్-2 మీద వచ్చింది. స్కాలర్‌షిప్ ట్యూషన్ ఫీజులో సగమే. ఇక్కడ తెలుగువాళ్ళు క్యాష్ ఇస్తాం, స్టోర్‌లో రాత్రిళ్ళు ఉండమంటున్నారు. ఇంకో తెలుగు చర్చివాళ్ళు ఆదివారం వాక్యం చెప్తే ప్రేమ కానుక ఇస్తామంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: బాబూ, స్టోర్ పని వద్దు. ఎఫ్-1 మీద క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లోనే వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు, సెలవుల్లో పూర్తి టైము చెయ్యొచ్చు, పర్మిషన్ లేకుండా బయట పని చేస్తే వీసా స్టేటస్ పోతుంది. క్యాష్‌లో తీసుకుంటే ఎవరికీ తెలీదనేవాళ్ళు రేపు నీకు సమస్య వస్తే పక్కన నిలబడరు. నీ భార్యకి ఎఫ్-2 మీద ఎలాంటి ఉద్యోగమూ చేసే వీల్లేదు, అది కూడా ముందే ఇద్దరూ తెలుసుకుని ఖర్చు వేసుకోవాలి, చాలామంది ఇక్కడే లెక్క తప్పుతారు.

ప్రేమ కానుక అన్నా సరే, డబ్బు తీసుకుని చేసేది పని కిందికి రావచ్చు, అందుకని చర్చివాళ్ళకి మాట ఇవ్వకముందే మీ సెమినరీలో ఇంటర్నేషనల్ స్టూడెంట్స్‌ని చూసే డి.ఎస్.ఓ. దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పి అడుగు. అదే చర్చిలో నీ కోర్సుకి అవసరమైన ఇంటర్న్‌షిప్ చేస్తే దానికి సి.పి.టి. అనే దారి ఉంది, మామూలుగా ఒక అకడమిక్ సంవత్సరం అయ్యాక ఇస్తారు, డి.ఎస్.ఓ. ఒప్పుకుని సెమినరీ నీకిచ్చిన ఐ-20 పత్రం మీద రాశాకే మొదలుపెట్టాలి. నీ చేతుల్లో లేని కారణంతో డబ్బు ఇబ్బంది ఒక్కసారిగా వచ్చిపడితే, నాన్నగారి ఉద్యోగం పోవడం లాంటివి, ఒక అకడమిక్ సంవత్సరం పూర్తయ్యాక బయట పనికి ఐ-765 ఫారంతో అప్లై చేసుకునే వీలూ ఉంది. ఇప్పటికి లైబ్రరీ, కెఫెటీరియా, ప్రొఫెసర్ల దగ్గర గ్రేడింగ్, వీటికి సెమిస్టర్ మొదలవ్వకముందే అప్లికేషన్లు పెట్టెయ్, మొదలయ్యాక ఖాళీలు ఉండవు. గంటలు ఎక్కువ కావాలని కోర్సులు తగ్గించుకోకు, ఫుల్ టైమ్ లోడ్ కంటే తగ్గితే అది కూడా స్టేటస్ సమస్యే. మూడేళ్ళ కోర్సు నాలుగేళ్ళు పట్టినా ఫర్లేదు అనిపిస్తే అది కూడా డి.ఎస్.ఓ.తో మాట్లాడే చెయ్యి.

ప్రశ్న: ఖమ్మం జిల్లాలో గవర్నమెంట్ స్కూల్ టీచర్‌ని, 38 ఏళ్ళు. ఆదివారాలు మా చర్చిలో వాక్యం చెప్తుంటాను. సెమినరీలో చదవాలని చాలా ఏళ్ళ కోరిక, ఉద్యోగం మానలేను. ఇప్పుడు సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే మాస్టారూ, మీలాంటి వాళ్ళ కోసమే ఒక పద్ధతి పుట్టింది. 1963లో గ్వాటెమాలాలో ఒక ప్రెస్బిటేరియన్ సెమినరీ వాళ్ళు ఆలోచించారు, సంఘాల్ని నిజంగా నడిపిస్తున్నవాళ్ళు ఊళ్ళలో పొలాలతో, ఉద్యోగాలతో, పిల్లలతో ఉన్నారు, వాళ్ళు హాస్టల్‌కి రాలేరు కాబట్టి చదువునే వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాలి అని. ఇంట్లో పాఠాలు చదువుకోవడం, కొన్ని రోజులకోసారి దగ్గర్లో ఒకచోట టీచర్‌తో కలిసి కూర్చోవడం. అదే తర్వాత చాలా దేశాలకి పాకింది, మన దేశంలో టాఫ్టీ అనే సంస్థ 1971 నుంచి బెంగళూరు నుంచి ఈ పద్ధతిలో నడుపుతోంది. 1818లో బెంగాల్లో పుట్టిన సెరంపూర్ కాలేజీ కింద సెమినరీ డిగ్రీలు ఇచ్చే సెనేట్‌కి కూడా బి.సి.ఎస్. (బ్యాచిలర్ ఆఫ్ క్రిస్టియన్ స్టడీస్) లాంటి ఎక్స్‌టర్నల్ కోర్సులున్నాయి, ఉద్యోగం చేసుకుంటూ రాసుకోవచ్చు. సెరంపూర్ పెట్టినవాళ్ళలో ఒకరైన విలియం కేరీ గారు ఇంగ్లండులో చెప్పులు కుడుతూ భాషలు నేర్చుకున్నవారు, బెంగాల్ వచ్చాక కొన్నేళ్ళు ముద్నాబాటిలో నీలిమందు ఫ్యాక్టరీ చూసుకుంటూనే బైబిల్ తర్జుమా చేశారు, కాబట్టి మీరు తప్పు దారిలో ఏం లేరు.

మీకున్న పెద్ద సౌకర్యం స్కూల్ టైమింగ్స్, సాయంత్రాలు, దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు. వారానికి ఎనిమిది గంటలు ఖచ్చితంగా ఇవ్వగలనా అని ముందు ఒక నెల ప్రయత్నించి చూడండి, పరీక్ష పేపర్లు దిద్దే నెల కూడా అందులో ఉండేలా చూసుకుంటే నిజం తెలుస్తుంది. కోర్సులో చేరడానికి డిపార్ట్‌మెంట్ పర్మిషన్ రాతపూర్వకంగా తీసుకోండి, అది సర్వీస్ విషయం, తేలిగ్గా తీసుకోవద్దు. కోర్సు అయ్యాక ఆర్డినేషన్, అంటే పాస్టర్‌గా అభిషేకం, కావాలనుకుంటున్నారా లేక వాక్యం ఇంకా బాగా చెప్పడానికి చదువుతున్నారా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. ఆర్డినేషన్ కావాలంటే ఎక్స్‌టర్నల్ కోర్సుని మీ సంఘం ఒప్పుకుంటుందో లేదో ముందే అడగండి, కొన్ని సంఘాలు హాస్టల్లో ఉండి చదివిన బి.డి.నే అడుగుతాయి. మీ పాస్టరేట్ కమిటీ సెక్రటరీకి ఒక లెటర్ రాసి, జవాబు కూడా రాతలోనే తెప్పించుకుని, ఆ తర్వాతే ఫీజు కట్టండి.